దుప్పటిలో తుపాకి

(దుబాయ్, నైఫ్ బజారు వెనక సందు. 2005 చలికాలం. శుక్రవారం, జుమా నమాజు అయిపోయింది. టైలరింగ్ షాపులో పనిచేసే మాహిరా అద్దెకుంటున్న గది. తల్లి జమీలాబీ ఒక అరబ్బు ఇంట్లో వంటమనిషి, సెలవని కూతురి దగ్గరికి వచ్చింది. పెళ్ళిచూపులకు అజ్మతుల్లాను వాళ్ళ పిన్నమ్మ దౌలత్‌బీ వెంటబెట్టుకొచ్చింది. అందరిదీ కడప జిల్లా.)

"తివాచీ అక్కా."

"తివాచీనా?"

"తివాచీనే జమీలక్కా. చిన్నది. నమాజుకు పరుచుకునేది."

"నమాజు తివాచీకి ఇంత బరువేంది దౌలత్‌బీ? మీ పిల్లోడు ఆ దుప్పటి మూటను మంచం మీద పెడితే మంచం కిర్రుమనింది."

"ఇరాన్‌ది గదక్కా. ఇరాన్‌వి బరువుంటాయి."

"పిన్నమ్మా..."

"నువ్వు ఊరుకో అజ్మతూ. పెద్దోళ్ళు మాట్లాడుకుంటాన్నాం గదా."

"అమ్మా, టీ తెచ్చినా. అమ్మా, ఆ దుప్పటి..."

"ట్రే ఆడ పెట్టి లోపలికి పో మాహిరా. బిర్యానీ అడుగంటుతాదేమో చూడు."

"చూసినా మా. అది కాదు, ఆ నీలిపూల..."

"పో అంటే పో!"

"సిగ్గుపడతాంది బిడ్డ. ఎంత చక్కగా ఉందక్కా! మా అజ్మత్ పక్కన నిలబడితే చూడముచ్చటగా ఉంటాది."

"సిగ్గు లేదు, ఏం లేదు. చెప్పిన మాట వినదు, అంతే. సరే గాని నాయనా, నువ్వు ఒక్క మాట గుడ్క మాట్లాడకపోతివే. ఆ దుప్పట్లో ఉండేది తివాచీనేనా?"

"కాదమ్మా."

"అజ్మతూ!"

"తుపాకి అమ్మా అది."

"వీడి నోట్లో మన్ను బడ! అక్కా, వాడు ఎగతాళికి అన్నాడు. చిన్నప్పటి నుంచి అంతే, ఎగతాళి మనిషి."

"ఎగతాళి ముఖం కాదే అది. తుపాకా? యా అల్లా! ఆడపిల్లోళ్ళు ఉండే గదిలోకి తుపాకి తెచ్చినారా? దౌలత్‌బీ, ఫోన్లో నాకేం చెప్పినావు నువ్వు? పిల్లోడిది పెళ్ళి సామాను పని అని గదా చెప్పినావు?"

"పెళ్ళి సామానే అక్కా! ఒట్టు, పెళ్ళి సామానే!"

"పెళ్ళిలో తుపాకి ఎవర్ని కాల్చేదానికి? పెళ్ళికొడుకునా?"

"ఎవర్నీ కాల్చేదానికి కాదమ్మా. ఆడేదానికి. అరబ్బుల పెళ్ళిళ్ళలో మగోళ్ళు డప్పుల ముందర వరసగా నిలబడతారు గదా, యోలా అంటారు. తుపాకిని చేత్తో గిరగిరా తిప్పుతారు, పైకి ఎగరేసి పట్టుకుంటారు. పేలే తుపాకిని ఎగరేస్తే ప్రాణం మీదికి వస్తాది. అందుకని పాత తుపాకులు తెచ్చి మాకిస్తారు. మేం పేలకుండా చేసి, బరువు తగ్గించి ఇస్తాం. షార్జా పక్కన సజ్జాలో మా వర్క్‌షాప్."

"అట్లనా. నాకేం తెలుసు నాయనా, వంటింట్లో ఉండేదాన్ని. మగోళ్ళ ఆటలు మేం యాడ చూస్తాం."

"చూసినావా అక్కా, ఇంతేనక్కా విషయం! డప్పు వాయించేవాడు పెళ్ళి పని చేసినట్టు కాదా? షామియానా వేసేవాడు చేసినట్టు కాదా? అట్లనే వీడు. తుపాకి అనే మాటే చెడ్డది. ఆ మాట వల్లనే గదా రాయచోటి సంబంధం పోయింది. అప్పుడు టీవీ పెడితే ఇరాక్ యుద్ధమే. 'మీవాడు దుబాయ్‌లో తుపాకుల షాపులో ఉన్నాడంట గదా, మాకొద్దమ్మా' అని తాంబూలం వెనక్కి పంపినారు. ఆ తర్వాత బద్వేలు వాళ్ళు. వాళ్ళైతే ఫోన్ గుడ్క ఎత్తలా."

"అందుకని నా దగ్గర తివాచీ చేసినావు."

"ఇంకేం చెయ్యమంటావక్కా! పెళ్ళిచూపులకు దీన్ని మోసుకొస్తాడని నేను కలగన్నానా? బస్సు దిగినోణ్ణి చూసి నా గుండె ఆగిపోయింది."

"అవును నాయనా, దీన్ని యాల తెచ్చినావు?"

"ఈ పొద్దే రాస్ అల్ ఖైమా తీసకపోయి ఇచ్చేయాలమ్మా. వాళ్ళింటి డ్రైవర్ ఫోన్ చేసి, శుక్రవారమే తేవాల, వేరే రోజు వద్దే వద్దన్నాడు. ఇటు నుంచి ఇటే పోదామని తెచ్చినా. దోవలో ఎవరన్నా అడిగితే చూపించేదానికి షాపు కాగితం ఉంది."

"ఎవరిదంట ఈ తుపాకి?"

"ఒక పెద్దాయనది."

"పేరు లేదా పెద్దాయనకు?"

"ఉంది గాని... మా షాపులో ఒకరి సరుకు సంగతి ఇంకొకరికి చెప్పం అమ్మా."

"అబ్బో."

"అదే అడగాలనుకున్నా జమీలక్కా, ఇంతకీ నువ్వు యాడ వంట చేస్తాండేది? ఎవరింట్లో?"

"ఏదో ఒక ఇల్లు లే దౌలత్‌బీ. అరబ్బుల ఇండ్లన్నీ ఒకటే. గోడ, గేటు, మేకమాంసం. టీ చల్లారిపోతాంది, తాగు. ఏం నాయనా, విప్పు మరి, చూద్దాం."

"ఇప్పుడే పాలిష్ చేసిందమ్మా. వేలిముద్రలు పడతాయి."

"ముట్టుకోనులే. పిల్లోడి చేతిపని చూడకుండా పిల్లనిచ్చేదెట్ల?"

"విప్పరా, విప్పు! 'పిల్లనిచ్చేది' అనే మాట వచ్చింది, విప్పు!"

"సరే. ఒక్క నిమిషం."

"ఇదేంది, తుపాకిని మంచం మీద పడేసి దుప్పటిని అంత ఒద్దికగా మడతేస్తాన్నావు?"

"వాళ్ళింటి దుప్పటి గదమ్మా, నలగగూడదు. మాకు తుపాకులు గోనెసంచుల్లో వస్తాయి, చెత్తబుట్ట కవర్లలో వస్తాయి. ఇదొక్కటే ఇట్లా వచ్చింది. ఎవరు చుట్టినారో గాని, మూలలు లోపలికి మలిచి, పసిబిడ్డను చుట్టినట్టు చుట్టినారు. విప్పేటప్పుడు మా ఉస్తాద్ గుడ్క మెల్లగా విప్పినాడు, బిడ్డ లేస్తాదేమో అన్నట్టు."

"అట్లనా! సరే, చూపించు... ఇంత పొట్టిదా? సినిమాల్లో పొడుగ్గా ఉంటాయే."

"దీన్ని కార్బైన్ అంటారమ్మా. గుర్రం మీద పోయే సిపాయిలకు చేసింది. పొడుగు తుపాకి అయితే గుర్రం చెవులకు తగుల్తాది. ఇదో, ఈ ఇనుము మీద చిన్న కిరీటం గుర్తు కనపడతాందా? ఇది స్వీడన్ సర్కారుది."

"స్వీడన్ యాడుంది?"

"పైన, మంచు దేశం. తెల్లారడం గుడ్క సరిగా తెల్లారదంట చలికాలంలో."

"మంచు దేశం తుపాకికి ఈ ఇసకలో ఏం పనబ్బా?"

"కడపోళ్ళకు మాత్రం ఏం పనమ్మా? మనమూ వచ్చినాం గదా."

"హహ్హ! మాట వచ్చు దౌలత్‌బీ మీవాడికి. మూగోడేమో అనుకున్నా."

"వస్తాదక్కా, తుపాకులూ కర్రలూ అంటే వస్తాది. ఆడపిల్లను చూస్తేనే నోరు పడిపోతాది. నవ్వుతాందెవరు లోపల? మాహిరానా?"

"దాని సంగతి వదిలెయ్. ఎంత పాతది నాయనా ఇది?"

"నూరేండ్ల పైమాటే. మా ఉస్తాద్ చెప్పినాడు, దీంట్లో ఒక తమాషా ఉంది. స్వీడన్ వాళ్ళు ఈ తుపాకులు వేలకు వేలు చేసుకున్నారు. గుర్రాలు పెంచినారు, సిపాయిలకు కోట్లు కుట్టిచ్చినారు. యుద్ధం మాత్రం చెయ్యలా. దగ్గర దగ్గర రెండొందల ఏండ్లుగా వాళ్ళకు యుద్ధమే లేదంట."

"యుద్ధం లేనోళ్ళకు తుపాకులెందుకు?"

"పెళ్ళి కానోడికి షేర్వాణీ ఎందుకక్కా? మావాడు కుట్టిచ్చి పెట్టుకున్నాడు. ఏటా బయటికి తీసి ఎండేస్తాడు, మళ్ళీ లోపల పెడతాడు."

"పిన్నమ్మా!"

"అబద్ధమా? నాఫ్తలీన్ గోళీలు నేనే గదా కొనిచ్చింది!"

"ఈ తుపాకి కథ గుడ్క అంతేనమ్మా. వాళ్ళు తుడిచినారు, నూనె పూసినారు, గోడకు ఆనించినారు. మళ్ళీ తుడిచినారు. పాతబడినాక అమ్మేసినారు. ఆ తర్వాత ఓడలెక్కి ఎట్లనో ఇటు వచ్చింది. మస్కట్ మీదుగా అని కొందరంటారు, ఆఫ్రికా పక్కనుంచి అని కొందరంటారు. నాకు సరిగా తెలీదు."

"తెలీదని చెప్పుకుంటావే!"

"తెలీనిది తెలీదనే గదమ్మా చెప్పాల. ఇక్కడికి వచ్చినాక మొదటిసారి మారింది. ఈ కర్రకు వెండి పట్టీలు చూడండి, ఇవి స్వీడన్ పని కాదు, ఇక్కడ బజారులో ఎవరో కంసాలి కొట్టినాడు. ఈ తోలుపట్టా గుడ్క ఇక్కడిదే. ఇప్పుడు రెండోసారి మారింది, మా చేతిలో."

"నువ్వేం చేసినావు దీన్ని?"

"తూటాను కొట్టే సూది తీసేసినాం. గొట్టంలో ఇనపబిరడా బిగించినాం. ఇంక ఎవరు ఏం చేసినా పేలదు. ఆ ఇనపపని మా ఉస్తాద్‌ది. కర్ర నాది. నేను అసలు వచ్చింది కార్పెంటర్ వీసా మీద. ఈ వెనకభాగం లోపల తొలిచినా, పైకి కనపడకుండా. చేతిలో తిరగాలంటే తూకం సరిగ్గా నడుమ నిలబడాల. తూకం కుదరకపోతే ఎగరేసినోడి నెత్తి మీదే పడతాది."

"అంత పాతదాన్ని తొలుస్తావుంటే చెయ్యి ఆడిందా?"

"ఆడలేదమ్మా. రెండు రోజులు ఊరికే పక్కన పెట్టుకొని కూచున్నా. లోపల తీసిన పొట్టు గుడ్క పారేయబుద్ధి కాలా. సూదిని డబ్బీలో పెట్టినా, అదీ ఇచ్చేస్తా. వాళ్ళ వస్తువు."

"పాతదైతే గొట్టమంతా అరిగిపోయి ఉంటాదేమో."

"అది లోపలికి లైటేసి చూస్తే తెలిసిపోతాదమ్మా. దోసె పెనం చూస్తే ఆ ఇంట్లో ఎన్ని దోసెలు పోస్తారో చెప్పొచ్చు గదా, అట్ల. తుపాకి ఎంత పని చేసిందో గొట్టమే చెప్తాది."

"దోసె పెనమంట! విన్నావా మాహిరా?"

"విన్నా మా. ఇంతకీ ఆయన తిప్పగలడా, ఊరికే చెప్తాన్నాడా?"

"వచ్చె చూడక్కా బిడ్డ, బయటికి వచ్చె! తిప్పురా అజ్మతూ, తిప్పు. పిల్ల అడుగుతాంది!"

"దీన్ని కాదు పిన్నమ్మా. ఒకరి వస్తువు, పైన ఫ్యాన్ తిరుగుతాంది."

"ఇదో ఈ మాప్ కట్టెతో తిప్పమనండి."

"ఇయ్యండి. అందరూ గోడ పక్కకు జరగండి. ముందు మణికట్టు మీద ఇట్లా తిప్పాల... ఇట్లా వేళ్ళ నడుమ... ఇప్పుడు వీపు వెనక నుంచి..."

"అబ్బా! నీళ్ళు! నా చీరంతా నీళ్ళు!"

"తడి మాప్ ఇచ్చినావేమే మాహిరా!"

"తుపాకి అయితే తడి ఉండదు గదా మా. నేనేం చేసేది."

"దౌలత్‌బీ ముఖం చూడు, నమాజుకు ముందర వజూ చేసినట్టుంది! ఆపు నాయనా, ఆపు! నవ్వలేక కడుపు నొప్పి వస్తాంది."

"మాఫ్ చెయ్యండమ్మా. ట్యూబ్‌లైట్‌కు తగల్లేదు, అల్‌హందులిల్లా."

"నవ్వింది! జమీలక్క నవ్వింది! ఖలాస్, ఇంక మాట ఇచ్చెయ్యి అక్కా. చక్కెర డబ్బా తెమ్మను."

"మాహిరా, నువ్వేమన్నా అడగాల్నా ఆయన్ని?"

"పెళ్ళయినాక తుపాకులు ఇంటికి తెస్తారా?"

"తేను. ఇదే మొదలు, ఇదే ఆఖరు."

"మాప్ తిప్పుతారా?"

"ఆరిన మాప్ అయితే... తిప్పుతా."

"నా ప్రశ్నలు అయిపోయినాయి మా."

"నావి అయిపోలేదు. ఇంకొకటి ఉంది నాయనా. ఇటు చూడు. ఈ తుపాకి ఎప్పుడన్నా మనిషిని చంపిందా?"

"స్వీడన్‌లో చంపలేదమ్మా. చెప్పినా గదా, యుద్ధమే..."

"స్వీడన్ సంగతి నాకెందుకు? ఇక్కడికి వచ్చినాక."

"ఇక్కడికి వచ్చినాక..."

"ఊఁ."

"అది నన్ను అడగొద్దమ్మా."

"యాల? గొట్టమే చెప్తాదంటివే. దోసె పెనమంటివే. లైటేసి చూసినావు గదా?"

"చూసినా."

"తెలిసిందా?"

"తెలిసింది."

"మరి చెప్పు."

"చెప్పకూడదమ్మా."

"చెప్పరా! దీంట్లో ఏముంది? చంపలేదని చెప్పు, అయిపోతాది!"

"పిన్నమ్మా, చంపిందన్నా అది వాళ్ళింటి మాటే. చంపలేదన్నా వాళ్ళింటి మాటే. ఇట్లాంటి తుపాకి గురించి ప్రతి ఇంట్లో ఒక కథ ఉంటాది. తాత చెప్తాడు, మనవళ్ళు వింటారు. స్వీడన్ నుంచి వాళ్ళ గడప దాకా నేను చెప్తా, ఎంతసేపైనా చెప్తా. గడప లోపలిది వాళ్ళు చెప్పుకోవాల. నాకు తుపాకి బాగు చెయ్యమని ఇచ్చినారు. దాని కడుపులో ఏముందో ఊరంతా చెప్పమని ఇయ్యలేదు."

"ఊరంతా ఎందుకు? ఈ గదిలో నలుగురం ఉన్నాం. మేం ఎవరికి చెప్పబోతాం? ఆ పెద్దాయన ఎవరో గుడ్క మాకు తెలీదు."

"అయినా వద్దమ్మా."

"ఇట్ల చూడు నాయనా. నేను ఒంటరి ఆడదాన్ని. దీని నాయన పోయినాక, గరిటె పట్టుకొని ఈ ఒక్క బిడ్డను పెంచినా. మనిషి ప్రాణం తీసిన ఇనుమును ఒళ్ళో పెట్టుకొని పనిచేసిన చేతికి దీని చేతిని ఇయ్యలేను. చంపలేదని ఒక్క మాట చెప్పు. ఇప్పుడే నీ నోట్లో చక్కెర పోస్తా. రేపు సాయంత్రానికి ఊరికి ఫోన్ చేస్తా."

"అజ్మతూ, నీ కాళ్ళు పట్టుకుంటారా. రెండు మాటలు. 'చంపలేదు'. ఒకటే మాట! ఒక్కటే!"

"చెప్పలేను పిన్నమ్మా."

"నాయనా, సంబంధం పోయినా చెప్పవా?"

"పోతే... పోనీండమ్మా. మీ బిడ్డ నాకు నచ్చింది. ఆ మాట మాత్రం చెప్పిపోతా. అది నా మాట గదా, చెప్పొచ్చు."

"అయ్యో అయ్యో! రాయచోటి పాయ, బద్వేలు పాయ, నైఫ్‌లో గుడ్క పాయ! వీడికి ఆ తుపాకితోనే నిఖా చెయ్యండి. షేర్వాణీ రెడీగా ఉంది! పద, పద! ఎందుకు పుట్టినావురా మా అక్క కడుపున! జమీలక్కా, నీకు మాత్రం ఇంత రాతిగుండె యాడిది? తడిసిన చీరతో అడుగుతాన్నా."

"అమ్మా, చాలు. ఇంక చాలమ్మా, పాపం."

"నువ్వుండు మాహిరా."

"వస్తానమ్మా. బస్సు దొరకాల మళ్ళీ. ఇదేంది, ఈ దుప్పటి మడత ముందు వచ్చినట్టు రావడం లేదు... మూల జారిపోతాంది."

"అట్ల కాదు. ముందు ఈ మూల లోపలికి మలచాల. ఇటు ఇయ్యండి. ఇప్పుడు ఇటువైపుది పైకి... ఇప్పుడు కిందిది... ఇంకొంచెం ఎత్తండి దాన్ని."

"అరే! అచ్చం అట్లనే వచ్చిందే! మీకెట్ల తెలుసు?"

"చిన్నప్పుడు నన్ను ఇట్లనే చుట్టేది మా అమ్మ."

"ఏందిరా, గుడ్లు తేలేసి నిలబడినావు? పద, బస్సు పోతాది. ఆ పెద్దాయనకు ఈ పొద్దే ఇయ్యాలన్నావు గదా."

"అవును పిన్నమ్మా. మగ్రిబ్ నమాజు లోపల తెమ్మన్నాడు డ్రైవర్."

"డ్రైవర్ అట్లనే అంటాడు, నేను అనమన్నా గనక. మా ఇంటి తుపాకి నీ చేతిలో ఉందని వాడే చెప్పినాడు, నీ నోరెంత గట్టిదో చూద్దామనుకున్నా. కూచో, బిర్యానీ తిని పో. పొద్దున్నే వండిపెట్టొచ్చినా, శుక్రవారం పూట నా చేతి బిర్యానీ తిన్నాడంటే మా అర్బాబ్, అదే మీ పెద్దాయన, మగ్రిబ్ దాకా లెయ్యడు, ఇప్పుడు పోయినా గేటు కాడ నిలబడాల్సిందే. ఆ తుపాకి ఎంతమందిని చంపిందో ఇరవై ఏండ్లుగా ఆయన చెప్తానే ఉండాడు, నేను వింటానే ఉండా, నిజమేందో వాళ్ళావిడ నాకెప్పుడో చెప్పింది, నేనూ గడప దాటించలా. చక్కెర డబ్బా తే మాహిరా. ఇదో అల్లుడూ, వాళ్ళ తుపాకి వాళ్ళకిచ్చేసి, దుప్పటి మాత్రం మర్చిపోకుండా వెనక్కి తీసకరా, అది నాది."